పదిహేను మంది గిన్నెలు, నలుగురి వంటగది

మా వంటగది ఎనిమిది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు. కడపలో మేముండే ఎర్రముక్కపల్లె వైపు అద్దె వాటాల్లో చాలావరకు ఇలాంటి వంటగదులే. ఒక గోడకు స్టవ్ గట్టు, దాని చివర సింకు, ఎదుటి గోడకు కడప బండలతో కట్టిన ఐదు గూళ్లు, తలుపు మీద సజ్జ. ఇంట్లో నలుగురం: నేను, మా ఆయన, మా అత్త, ఇంటర్ చదివే పాప. నలుగురు వండుకు తినడానికి ఈ గది చాలాలి. కానీ మాకు ఏళ్ల తరబడి చాలలేదు. చిన్న కుక్కర్ కావాలంటే దాని మీదున్న పెద్ద కుక్కర్, ఆ పైన ఇడ్లీ పాత్ర, దాని పైన జల్లెడ ఒక్కొక్కటే దించాలి. దించినవి పెట్టడానికి కింద చోటుండదు, గట్టు మీదే పెట్టాలి. గట్టు నిండితే కూరగాయలు తరుక్కునే చోటు పోతుంది. నేను బడికి ఎనిమిదింబావుకల్లా బయల్దేరాలి. పొద్దున వంట కంటే ఈ దించడం, ఎత్తడంతోనే నాకు టెన్షన్ ఎక్కువ.

ఇంకో స్టాండు కొందామని మొదట అనుకున్నాం. అంగళ్లకు వెళ్లి చూసి కూడా వచ్చాం. గోడకు తగిలించే స్టీలు స్టాండు అయితే మేకులు దిగాలి, అద్దె ఇంట్లో అది ఓనరు ఒప్పుకుంటేనే. నేల మీద నిలబెట్టేది అయితే సిలిండరుకు చోటుండదు. ఆ రాత్రి అన్నాలు తిన్నాక, అసలు ఇన్ని సామాన్లు మన ఇంటికి ఎక్కడి నుంచి వచ్చాయో నలుగురం మాట్లాడుకున్నాం. నాకు దారి దొరికింది ఆ మాటల్లోనే.

మా అత్త నాకు సొంత మేనత్త. వాళ్ల అత్తగారిల్లు మైదుకూరు దగ్గర పల్లె. ఉమ్మడి కుటుంబం, పూటకు పదిహేను మంది తినే ఇల్లు. కోతలప్పుడు కూలీలతో కలిపి ఇంకా ఎక్కువ. అన్నదమ్ములు పాలు పంచుకున్నప్పుడు మా వాటాకు వచ్చిన సామాన్లు కొన్ని. అత్త పెళ్లికి వాళ్లమ్మ, అంటే మా జేజి, పెట్టినవి కొన్ని. నా పెళ్లికి మా అమ్మ ఇచ్చిన సారె ఇంకొన్ని. ఇవి కాక గృహప్రవేశాలకు, పెళ్లిళ్లకు, సీమంతాలకు పోయినప్పుడల్లా తాంబూలంతో పాటు చేతిలో పెట్టిన స్టీలు గిన్నెలు, డబ్బాలు, ప్లేట్లు. మూడు తరాల సామాన్లు వచ్చి ఈ ఒక్క గదిలో చేరాయి. పదిహేను మంది తగ్గి నలుగురయ్యాం గానీ గిన్నెలు మాత్రం పదిహేను మందికి సరిపడా అలాగే ఉన్నాయి. ఎన్ని స్టాండ్లు కొన్నా ఈ లెక్క తేలనంతవరకు చోటు దొరకదని నాకు గట్టిగా అనిపించింది.

లెక్క తేల్చడం ఎలా? ఏది వాడుతున్నారని అడిగితే ఏ ఇంట్లోనైనా అన్నీ వాడుతున్నామనే చెప్తారు. మా పాప ఒక ఉపాయం చెప్పింది. అంగట్లో దొరికే బొట్టుబిళ్లల అట్టలు తెచ్చి, వంటగదిలో ఉన్న ప్రతి వస్తువు మీదా ఒక బిళ్ల అతికించాలి. గిన్నె కానీ, డబ్బా కానీ, గరిటె కానీ వాడటానికి తీసినప్పుడు దాని బిళ్ల పీకేయాలి. కొన్నాళ్ల తర్వాత ఇంకా బిళ్లతో ఉన్నవి మనం ముట్టనివి. దీనికి ఎవరూ ఏమీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, ఎవరితోనూ వాదించనక్కర్లేదు. దసరా వెళ్లాక మొదలుపెట్టి సంక్రాంతి దాటేదాకా ఆగాం. దీపావళి, కార్తీక మాసం, సంక్రాంతి మధ్యలో రావడంతో పండగలకు మాత్రమే తీసేవి కూడా బయటపడ్డాయి. ఈ పని చేసేవాళ్లు కనీసం ఒక పెద్ద పండగ మధ్యలో వచ్చేలా చూసుకోవాలి. లేకపోతే మురుకుల గొట్టం, ఓళిగల పెనం కూడా అక్కర్లేనివాటిలో చేరిపోతాయి.

సంక్రాంతి తర్వాత చూస్తే బిళ్ల పోయినవి ఇవీ: రెండు కుక్కర్లు, సంగటి వండే గిన్నె, సంగటి కట్టె, దోసె పెనం, గుంతపొంగనాల పెనం, బాండలి, నాలుగైదు తపేలాలు, తిరగవాత డబ్బా, మిక్సీ జార్లు, రోజూ తినే ప్లేట్లు, గ్లాసులు, పప్పుల డబ్బాలు. అన్నీ ఒకచోట పేరిస్తే రెండు గూళ్లు నిండాయి. మిగతా మూడు గూళ్లు, సజ్జ మొత్తం ఎర్ర బిళ్లలతో అలాగే ఉన్నాయి. మా అత్త సజ్జ వైపు చాలాసేపు చూసి, "ఇన్నిట్ని తోమి తోమి పెట్నామే పండగ పండక్కీ" అనింది. నిజమే. ప్రతి సంక్రాంతికీ, ఉగాదికీ వాటన్నిటినీ దించి, తోమి, ఎండబెట్టి, మళ్లీ ఎక్కించేవాళ్లం. చోటే కాదు, మా నడుములు కూడా వాటికే ఖర్చయ్యాయి.

ఎక్కువ చోటు ఆక్రమించింది పెద్ద గిన్నెలేమో అనుకున్నాం. ఖాళీ డబ్బాలే ఎక్కువని తేలింది. హార్లిక్స్ సీసాలు, ఐస్‌క్రీమ్ డబ్బాలు, మిఠాయి డబ్బాలు, పచ్చడి కొన్న ప్లాస్టిక్ జాడీలు, హోటల్ పార్సిల్ తెచ్చిన నల్ల డబ్బాలు, మూతలు లేని డబ్బాలు, డబ్బాలు లేని మూతలు. ఎప్పుడైనా పనికొస్తాయని దాచినవి. వీటి విషయంలో మాకు ఏ బాధా కలగలేదు. మూత ఉండి, వాసన పట్టకుండా, నిలువుగా ఒకదాని మీద ఒకటి నిలబడేవి కొన్ని ఉంచుకుని మిగతావి ఒక్క పూటలో పంపించేశాం. ఖాళీ డబ్బాకు కూడా నిండు డబ్బాకు పట్టినంత చోటే పడుతుందన్న సంగతి అప్పటిదాకా మా ఎవరికీ తట్టలేదు.

గిన్నెల సంగతి అలా కాదు. అది అత్త లేకుండా చేసే పని కాదని నేను ముందే నిర్ణయించుకున్నాను. చుట్టుపక్కల ఇళ్లలో చూశాను, పెద్దావిడ ఊరికి వెళ్లినప్పుడు కోడలు పాత సామాన్లు అమ్మేస్తుంది, తిరిగొచ్చాక ఏళ్ల తరబడి ఆ మాట తెగదు. ఒక ఆదివారం ఎండ ముదరకముందే బిళ్లలతో ఉన్నవన్నీ మిద్దె మీదికి చేర్చి, దుప్పట్లు పరిచి పేర్చాం. అత్తకు పీట వేసి, "నువ్వే చెప్పు అత్తా, ఏది ఎక్కడికి పోవాలో" అన్నాను. మూడు కుప్పలు అనుకున్నాం. ఇంట్లో ఉండేవి, పల్లెకు పంపేవి, ఇచ్చేసేవి లేదా అమ్మేవి.

ఒక్కొక్క గిన్నె చేతికి తీసుకుని తిప్పి చూసేది. స్టీలు గిన్నెల అంచుల మీద చుక్కలు చుక్కలుగా చెక్కించిన పేర్లుంటాయి కదా, వాటిని వేలితో తడుముతూ చదివింది. ఒకదాని మీద మా జేజి పేరు, ఒకదాని మీద మా మామ పేరు, కొన్నిటి మీద ఎవరో ఇచ్చినవాళ్ల ఇంటిపేరు, తేదీ. మామ పోయి చాలా ఏళ్లయింది. ఆ గిన్నె దగ్గర అందరం కాసేపు ఆగాం. మామ పేరున్నది పెద్ద డేగిసా, ముప్పై మందికి అన్నం ఉడుకుతుంది. దాన్ని ఈ ఇంట్లో పెట్టుకునే దారి లేదు. అదే పేరున్న చిన్న చెంబు ఒకటుంది. "చెంబు మనకు, డేగిసా పల్లెకు" అని అత్తే తేల్చింది. ఆ మాట నాకు చాలా ఉపయోగపడింది. ఒక మనిషి గుర్తుగా అన్నీ పెట్టుకోనక్కర్లేదు, రోజూ చేతికి తగిలే ఒక్కటి పెట్టుకుంటే చాలు. ఆ చెంబుతోనే ఇప్పుడు మజ్జిగ పోసుకుంటున్నాం. ఇంతకుముందు అది సజ్జ మీద సంచిలో ఉండేది.

జేజి పెట్టిన రాగి కాగు దగ్గర మాత్రం అత్త గట్టిగా నిలబడింది. "నీళ్లు కాంచిన కాగు ఇది. దీన్ని యాడికీ పంపొద్దు" అనింది. పంపలేదు. అది ఇప్పుడు వంటగదిలో లేదు, వరండాలో తులసికోట పక్కన ఉంది, అందులో నీళ్లు నింపి పెడుతున్నాం. వంటగది సామాను వంటగదిలోనే ఉండాలని నియమమేమీ లేదు కదా.

ఇత్తడి సంగతి కొంచెం చెప్పాలి. ఇత్తడి గిన్నెలో పులుపు వండాలంటే లోపల తగరంతో కళాయి పూత ఉండాలి. పూత పోతే చింతపండు పులుసుకు, పప్పుకు కిలుం పడుతుంది, తినడానికి పనికిరాదు. ఇదివరకు కళాయి వేసేవాళ్లు వీధుల్లోకి వచ్చేవాళ్లు, ఇప్పుడు మా వైపు కనబడటం బాగా తగ్గిపోయింది. కాబట్టి పూత పోయిన ఇత్తడి తపేలాలు వంటకు తిరిగొస్తాయనే ఆశతో దాచుకోవడం నాకు సబబు అనిపించలేదు. పూజకు వాడే రెండు ఉంచి, మిగతావి పల్లె కుప్పలోకి చేర్చాం. పూత గీసుకుపోయిన నాన్‌స్టిక్ పెనాలు, అడుగు సొట్టపోయి స్టవ్ మీద నిలవని అల్యూమినియం గిన్నెలు అమ్మేవాటిలోకి వెళ్లాయి.

అమ్మేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకోవాలి. పాత సామాన్ల బండి వచ్చాక కుప్ప మొత్తం ముందు పోస్తే అంతా ఇనుము లెక్కనే తూకం వేస్తారు. ఇత్తడి, రాగి, అల్యూమినియం, స్టీలు, ఇనుము ముందే వేరు వేరు సంచుల్లో కట్టి, ఒక్కోదానికి ధర అడిగి, ఆ తర్వాతే తక్కెడ ఎక్కించాలి. మేం ఇద్దరు ముగ్గురిని అడిగాక ఇచ్చాం, ధరల్లో తేడా బాగానే కనబడింది. బాగున్న రెండు పెద్ద తపేలాలు, ఒక గంగాళం మా వీధి చివరి గుడికి ఇచ్చాం. శ్రీరామనవమికి పానకం, వడపప్పు చేయడానికి వాళ్లు ప్రతి ఏడూ ఇంటింటా గిన్నెలు అడుగుతుంటారు. అత్తకు అన్నిటికంటే తృప్తి కలిగిన పని అదే.

పల్లెకు పంపినవి మా మరిది వాళ్ల ఇంట్లో ఉన్నాయి. పాత ఇల్లు, గదులు ఖాళీగా ఉన్నాయి. డేగిసాలు, పెద్ద బాండలి, చిల్లుల గంటెలు, బంతి భోజనం ప్లేట్లు అన్నీ ఒక గదిలో పెట్టి, ఏవి ఎన్ని ఉన్నాయో కాగితం మీద రాసి ఆ గది తలుపు వెనక అంటించాం. ఆ కాగితం ఫొటో మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో కూడా ఉంది. మూడు ఇళ్లలో ఎవరికి అవసరమైనా తెచ్చుకోవచ్చు, తోమి అక్కడే పెట్టాలి. మూడు ఇళ్లలో మూడు డేగిసాలు దేనికి? ఏడాదిలో ఒకటి రెండుసార్లు వాడేదానికి ఒకటి చాలు. అదీ దొరకని రోజు షామియానా సప్లయర్స్ దగ్గర అద్దెకు దొరుకుతాయి.

సామాన్లు పోయాక గూళ్లు ఖాళీ అవుతాయి, అంతటితో సరిపోతుందనుకున్నాను. టేపు పెట్టి కొలిస్తే ఇంకో సంగతి తెలిసింది. మా గూడుకూ గూడుకూ మధ్య ఎత్తు అడుగున్నర, లోతు కూడా అడుగున్నర. రోజూ వాడే డబ్బాల్లో ఏదీ తొమ్మిది అంగుళాలు దాటదు. అంటే ప్రతి గూట్లో డబ్బాల మీద సగం ఎత్తు వట్టిగా ఉంది. ఆ వట్టి చోటు నింపాలనే గిన్నె మీద గిన్నె పేర్చుకుంటూ వచ్చాం. లోతు ఎక్కువ కాబట్టి వెనక వరసలో ఏముందో కనబడదు. కనబడనిది ఇంట్లో లేదనుకుని మళ్లీ కొంటాం. మా గూళ్ల వెనక వరసలో విప్పని ఆవాల పొట్లాలు, గసగసాల పొట్లాలు దొరికాయి.

దీనికి మందు మా ఊరి బండలోనే ఉంది. కడప బండ నల్లటి సున్నపురాయి, ఎర్రగుంట్ల, నిడుజివ్వి వైపు నుంచి వస్తుంది. బండలు కోసేచోట మిగిలిపోయే సన్నటి ముక్కలు తక్కువ ధరకే ఇస్తారు. తొమ్మిది అంగుళాల వెడల్పు, మూడడుగులకు కొంచెం తక్కువ పొడవు ఉన్న ముక్కలు ఏరుకుని, అంచులు రుద్దించి తెచ్చుకున్నాం. సామిల్లులో ఎనిమిది అంగుళాల ఎత్తు చెక్క దిమ్మెలు కోయించాం. గూటి వెనక సగంలో రెండు చివర్లా దిమ్మెలు పెట్టి, వాటి మీద బండ ముక్క పరిస్తే మెట్టు తయారైంది. మేకు లేదు, సిమెంటు లేదు, ఇల్లు మారితే మాతోనే వస్తుంది. ముందు వరసలో పొట్టి డబ్బాలు, వెనక మెట్టు మీద ఇంకో వరస, మెట్టు కింద అప్పుడప్పుడు తీసేవి. ఒక్క చూపులో అన్నీ కనబడతాయి.

బండ బరువుతో జాగ్రత్తగా ఉండాలి. ముప్పావు అంగుళం మందం ఉన్న ఆ ముక్క ఒక్కటే పది కిలోలకు పైన తూగుతుంది. గూటి బండ రెండు వైపులా గోడలోకి దిగి ఉంటుంది కాబట్టి దిమ్మెలు గోడను ఆనుకుని పెట్టాలి, నడిమధ్యలో పెడితే అడుగు బండ మీద భారం పడుతుంది. ఈ మాట మాకు చెప్పింది బండలు పరిచే మేస్త్రీ. సున్నపురాయికి పులుపు పడదు. చింతపండు రసం, నిమ్మరసం, చిలికిన మజ్జిగ పడి ఆరితే తెల్లటి మచ్చ మిగులుతుంది, ఊరగాయ నూనె పీల్చుకుని జిడ్డు పడుతుంది. అందుకే జాడీల కింద పాత స్టీలు ప్లేట్లు వేశాను. తాంబూలాల్లో వచ్చిన ప్లేట్లకు అలా ఒక పని దొరికింది.

డబ్బాల ఆకారం గురించి నాకు ముందెప్పుడూ ఆలోచన రాలేదు. గుండ్రటి డబ్బాలు పక్కపక్కన పెడితే మధ్యలో మూలలు వట్టిపోతాయి. అదే కొలత చదరపు డబ్బాతో పోలిస్తే బండ మీద ఐదో వంతు పైగా చోటు ఇలా పోతుంది. పాపకు లెక్కల్లో ఇది వెంటనే తెలిసిపోయింది, పై (π) విలువను నాలుగుతో భాగించి చూపించింది. ఉన్న స్టీలు డబ్బాలన్నీ పారేసి చదరపువి కొనమని నేనెవరికీ చెప్పను, అది ఇంకో ఖర్చు. పప్పులకు మాత్రం, పాతవి తుప్పు పట్టినప్పుడల్లా ఒక్కొక్కటి చదరపువి తెచ్చుకుంటున్నాం. లీటరు డబ్బాలో కిలో కందిపప్పు పట్టదని కూడా తెలుసుకుని కొనాలి. బియ్యమైనా పప్పైనా లీటరుకు ఎనిమిది వందల గ్రాముల దగ్గర పడుతుంది. కిలో పొట్లం మొత్తం ఒకే డబ్బాలో పట్టాలంటే లీటరుంబావు డబ్బా కావాలి. పట్టక మిగిలిన పావుకిలో పొట్లాలకు రబ్బరు బ్యాండు వేసి మూలల్లో తోయడం మా ఇంట్లో అలవాటు, అవే పురుగుకు మొదటి ఇల్లు.

ఇక నిల్వ సరుకు. పల్లెలో ఏడాది సరుకు ఒకేసారి తెచ్చుకునేవాళ్లం. కందులకు ఎర్రమన్ను కట్టి, ఎండబెట్టి, పప్పు విసురుకునేవాళ్లు, వడ్లు గాదెలో ఉండేవి. అదంతా పెద్ద ఇల్లు, ఎండే జాగా ఉన్నప్పటి పద్ధతి. టౌన్లో వారానికి ఏడు రోజులూ అంగళ్లు తెరిచే ఉంటాయి. అందుకని ఏవి ఏడాదికి ఉంచాలి, ఏవి నెలకు తేవాలి అని విడదీశాం. చింతపండు, ఎండుమిరపకాయలు, పసుపు ఏడాదికే. వేసవికి ముందు కొత్త సరుకు వచ్చినప్పుడు రుచి, ధర రెండూ బాగుంటాయి. పసుపు మా కడప మార్కెట్ యార్డుకే వస్తుంది, కొమ్ములు తెచ్చి మరపట్టించుకుంటే ఆ వాసన వేరు. పప్పులు, గోధుమపిండి, రవ్వలు నెలకు. మా ఊరి మే నెల ఎండకు, ఆ తర్వాత వానల తేమకు పప్పులో పురుగు పడకుండా కాపాడటం చిన్న వంటగదిలో అయ్యే పని కాదు.

ఏడాది సరుకులోనూ చోటు కలిసొచ్చే పద్ధతులున్నాయి. చింతపండులో గింజ, ఈనెలు బరువులో చాలానే ఉంటాయి. కొన్నవెంటనే అత్త, నేను కూర్చుని అవి తీసేసి, కల్లుప్పు కలిపి ఉండలు కట్టి జాడీలో అదిమితే ముందు బుట్ట నిండా ఉన్నది ఒక జాడీకి వస్తుంది. మిరపకాయలు గుల్లగా ఉండి గోనెసంచి నింపుతాయి, కారం పట్టిస్తే రెండు డబ్బాలు. రాగులకు మాత్రం ఇది తిరగబడుతుంది. రాగులు గింజగా ఉంటే ఏళ్ల తరబడి పురుగు పట్టకుండా నిలుస్తాయి, పిండి పట్టిస్తే కొన్ని వారాలకే వాసన మారుతుంది. సంగటి మా ఇంట్లో వారానికి రెండు మూడుసార్లు ఉంటుంది కాబట్టి గింజలు మూటగా పెట్టుకుని, మరకు కొంచెం కొంచెం పంపుతాం. చెనిక్కాయలు కాయలుగా ఉంటే ఎక్కువ కాలం నిలుస్తాయి గానీ సంచి చోటు తింటుంది. ఒలిచిన విత్తనాలు నెలకు సరిపడా తెచ్చి ఫ్రిజ్‌లో పెడుతున్నాం, ఊరుబిండి పచ్చడికి, పొడికి అక్కడి నుంచే. బియ్యం ఇరవై అయిదు కిలోల బస్తా. దానికి ముప్పై లీటర్లకు పైన చోటు కావాలి, గూట్లో పెట్టే మాట లేదు. కింది గూటి పక్కన మూతున్న డ్రమ్ములో పోస్తాం, డ్రమ్ము మూత మీదే మిక్సీ కూర్చుంటుంది. బియ్యం తీయాల్సినప్పుడల్లా మిక్సీ కదపాలి కదా అని అత్త అడిగింది. నాలుగు రోజులకు సరిపడా బియ్యం చిన్న డబ్బాలోకి తీసి గట్టు కింద పెట్టడంతో ఆ ఇబ్బంది పోయింది.

రెండు సిలిండర్లు వంటగదిలోనే ఉండేవి. ఇప్పుడు వాడేది ఒక్కటే లోపల ఉంది, రెండోది వరండాలో గాలి ఆడే నీడలో నిలబెట్టాం. 14.2 కిలోల గ్యాసు నిండిన సిలిండరును అడ్డంగా పడుకోబెట్టడం, తలుపులు మూసిన అలమరలో పెట్టడం రెండూ ప్రమాదమే. ఈ గ్యాసు గాలి కంటే బరువు, లీకైతే నేల మీదే పరుచుకుంటుంది. చోటు కలిసొస్తుందని సిలిండరు చుట్టూ కవర్లు, చీపుర్లు దూర్చే ఇళ్లు చాలా ఉన్నాయి, దయచేసి ఆ మూలను ఖాళీగా వదిలేయండి. గరిటెలకు కిటికీ ఊచలకు కొక్కేలు తగిలించాం. గోడకు అతికించే జిగురు కొక్కేలు మాత్రం స్టవ్ వేడికీ, నూనె జిడ్డుకూ మా ఇంట్లో నిలవలేదు. క్యాన్ నీళ్లు హాల్లోకి వెళ్లాయి. పప్పుగుత్తి, అట్లకాడ, సంగటి కట్టె, తిరగవాత డబ్బా గట్టు మీద, చేయి చాపితే అందేచోట.

ఈ సర్దుబాటుకు పరీక్ష ఉగాదికి వచ్చింది. దేవుని కడప గుడికి పోవడానికి మా ఆడబిడ్డ కుటుంబం ముందు రోజే వచ్చింది, ఇంట్లో తొమ్మిది మందిమయ్యాం. ఓళిగలకు పూర్ణం రుబ్బాలి, చిత్రాన్నం కలపాలి, పాయసం కాయాలి. పెద్ద గిన్నెలన్నీ పంపించేశాం కదా అని లోపల కొంచెం దడగానే ఉంది. ఐదు లీటర్ల కుక్కర్లో రెండు విడతలు అన్నం పెడితే సరిపోయింది. గట్టు మీద పీటలా చెక్క వేసుకుని ముగ్గురం ఒకేసారి పని చేశాం. ఆ వంటగదిలో ముగ్గురు ఆడవాళ్లు ఒకరికొకరు అడ్డు రాకుండా నిలబడటం అదే మొదటిసారి. మా ఆడబిడ్డ గూళ్లు చూసి, "మా అమ్మ ఎట్ల ఒప్పుకుంది వదినా?" అని అడిగింది. ఒప్పించింది నేను కాదు, ఏది ఎక్కడికి పోవాలో తేల్చింది మీ అమ్మే అని చెప్పాను.

కొత్త సామాన్లు రావడం మాత్రం ఆగలేదు, ఆగదు కూడా. ఫంక్షన్‌లో ఎవరైనా చేతిలో గిన్నె పెడితే వద్దనడం మర్యాద కాదు. అలా వచ్చిన ప్రతిదానికీ ఇంటికి రాగానే బొట్టుబిళ్ల అతికించి కింది గూట్లో ఒక మూల పెడుతున్నాం. పండగలోపు బిళ్ల ఊడకపోతే పల్లె గదికో, ఎవరి పెళ్లికో వెళ్తుంది. మేం ఇచ్చే తాంబూలాల్లో స్టీలు మానేశాం. మొన్న మా ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి వచ్చినవాళ్లకు ఒక్కొక్కరికి పావుకిలో పసుపు పొట్లం కట్టి ఇచ్చాం, అందరూ సంతోషంగా తీసుకున్నారు.

సజ్జ మీద ఇంకా రెండు ట్రంకు పెట్టెలు ఉన్నాయి. వాటిలో కంచు పళ్లేలు, పాత జాడీలు, ఆడబిడ్డ చిన్నప్పుడు ఆడుకున్న లక్క పిడతలు ఉన్నాయని అత్త చెప్తుంది. వాటిలో సగం ఆడబిడ్డవి కాబట్టి మేం ముట్టలేదు. వేసవి సెలవులకు పిల్లలతో వస్తానంది, పెట్టెలు అప్పుడే దించుతాం.